ఐదు శాఖలూ ఒక ఆవూ

ఒక శాఖ వేసిన రోడ్డును మర్నాడే ఇంకో శాఖ తవ్వడం, ఆ గోతిని మూడో శాఖ పూడ్చడం, పూడ్చిన చోట నాలుగో శాఖ కరెంటు స్తంభం పాతడం మన రాష్ట్రంలో కొత్త సంగతేమీ కాదు. కానీ ఆ ఏడాది ఆ స్తంభం సరిగ్గా ఒక మంత్రిగారి గేటుకు అడ్డంగా లేచింది. కారు బయటికి రాలేదు. మంత్రిగారు ఆటోలో అసెంబ్లీకి వెళ్లారు. సాయంత్రానికి శాఖల మధ్య సమన్వయం మీద ఒక కమిటీ పుట్టింది.

కమిటీ చాలాకాలం టీలు తాగి, చివరకు రోగమేమిటో కనిపెట్టింది. అధికారులు ఎప్పుడూ కలిసి కూర్చుని ఒక బొమ్మ వేయలేదు. లోపమంతా అక్కడే ఉంది. ఆ రోజుల్లో పెద్ద పెద్ద కంపెనీలు ఉద్యోగుల చేతికి కుంచెలిచ్చి పచ్చికలో కూర్చోబెడుతున్నాయని, దానివల్ల మనసులు కలుస్తున్నాయని సలహాదారు ఒకాయన రంగురంగుల తెరమీద చూపించాడు. బొమ్మలంటే ఫ్రాన్సు కదా అన్నారు అందరూ. "మనకు కొండపల్లి ఉంది కదండీ" అన్న సభ్యుడిని తర్వాతి సమావేశానికి పిలవలేదు.

అలా ఐదు శాఖల నుంచి ఐదుగురు అధికారులు ఫ్రాన్సు పల్లెసీమలో పదిరోజులు గడిపి, ఒకే కాన్వాసు మీద ఒకే బొమ్మ వేసుకు రావాలని జీవో వెలువడింది.

పశుసంవర్ధక శాఖ నుంచి వెళ్తామన్నవాళ్లు ఇద్దరు. నేను సీనియరునంటే నేను సీనియరునని వాళ్లు పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట తెగక, ఇద్దరికీ ఏమాత్రం పోటీకాని మనిషి కోసం వెతికితే డాక్టర్ సువర్చల దొరికింది. కొండల పక్కన ఒక చిన్న ఊళ్లో పశువుల ఆసుపత్రి ఆమెది. కబురు చెప్పిన గుమాస్తాను ఆమె రెండుసార్లు అడిగింది.

"బొమ్మలెయ్యడానికా? నన్నేనా? సరిగ్గా చూశారేటి?"

చదువుకునే రోజుల్లో సువర్చల ఆవు పొట్టలోని నాలుగు గదుల పటం వేస్తే ప్రొఫెసరుగారు దాన్ని చాలాకాలం తన గదిలో ఉంచుకున్నారు. అప్పట్లో ఆమెకు చెట్టు కనిపిస్తే చెట్టు, మనిషి కనిపిస్తే మనిషి వేయాలనిపించేది. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, గాలికుంటు టీకాలు. ఇరవై ఏళ్లుగా ఆమె కుంచెతో అయొడిన్ తప్ప మరేదీ పూయలేదు. ఇప్పుడు ప్రభుత్వమే టిక్కెట్టు కొని, కుంచె ఇచ్చి, బొమ్మ వేయమంటోంది. విమానంలో ఆమె నిద్రపోలేదు. కిటికీలోంచి మబ్బుల్ని చూస్తూ, ఏ రంగులో ఏ రంగు కలిపితే అవి వస్తాయోనని ఆలోచిస్తూ కూర్చుంది.

వాళ్లు దిగిన ఊరి పేరు వాల్‌బ్రూన్. రాతి గోడల ఇల్లు, నీలిరంగు కిటికీ తలుపులు. ఇంటి వెనక దిగువకు జారే పచ్చిక, అక్కడక్కడా ఎర్రటి గసగసాల పూలు. పచ్చిక అంచున ఒక వాగు, ఒడ్డున అక్రోటు చెట్లు. అవతలి దిబ్బమీద చిన్న చర్చి. చెట్టుకింద తెల్లమచ్చల గోధుమరంగు ఆవు ఒకటి, తనను చూడటానికి ఇంత దూరం నుంచి వచ్చిన ప్రతినిధి బృందాన్ని పట్టించుకోకుండా నెమరు వేస్తోంది.

బొమ్మలు నేర్పే ఆవిడ పేరు మదాం ఒదిల్. అరవై దాటిన మనిషి, పెద్ద గడ్డి టోపీ, చేతుల నిండా రంగు మరకలు. తనకు వచ్చిన ఇంగ్లీషులో ఆవిడ చెప్పిన పాఠం చాలా చిన్నది.

"మీకు ఏది కనిపిస్తే అది వేయండి. అంతే."

బృంద నాయకుడు చక్రధరంగారు లేచి కోటు సర్దుకున్నారు. ఆయన రెవెన్యూ శాఖలో సంయుక్త కార్యదర్శి.

"మేడమ్, తమరి అభిప్రాయం గౌరవనీయమే. అయితే కనిపించినదంతా అందరి పరిధిలోనిదీ కాజాలదు. ఏది ఎవరి పరిధియో తొలుత నిర్ధారణ కావలసి ఉన్నది."

ఆ సాయంత్రమే ఆయన ఉత్తర్వు రాసి, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న రబ్బరు ముద్ర వేసి, ఒక్కొక్కరి చేతికీ ప్రతి ఇచ్చారు. నేల రెవెన్యూది. వాగు నీటిపారుదల శాఖ ఇంజనీరు ఇస్మాయిల్‌గారిది. చెట్లు అటవీశాఖ గంగిరెడ్డివి. చర్చి దేవాదాయ శాఖ శఠగోపాచారిగారి కిందికి వచ్చింది. ఆచారిగారు కాసేపు ఆలోచించి, "గోపురం ఉంది, గంట ఉంది. భగవంతుడు ఏ ఊళ్లో ఉన్నా భగవంతుడే. నాకేమీ అభ్యంతరం లేదు" అన్నారు. సువర్చల చేతికొచ్చిన కాగితంలో "ఎదుట చెట్టుక్రింద గోచరించు ఆవు ఒకటి, దాని సమస్త విషయములతో సహా, పశుసంవర్ధక శాఖకు అప్పగించడమైనది" అని ఉంది.

"మరి ఆకాశమో?" అంది సువర్చల.

అందరూ తలలెత్తి చూశారు. చాలా పెద్ద ఆకాశం. కాన్వాసులో సగం దానికే పోతుంది.

"ఆకాశము కేంద్ర పరిధిలోని అంశము" అన్నారు చక్రధరంగారు. "విమానములు తిరుగును. ఢిల్లీకి లేఖ వ్రాసెదము. జవాబు వచ్చువరకు ఎవ్వరూ దాన్ని తాకరాదు."

"పోనీ ఆవు వేసేశాక, వేరే కాగితం మీద నాకోసం ఓ బొమ్మ వేసుకోవచ్చాండీ?"

"ప్రభుత్వ రంగులతో సొంత బొమ్మయా? ఎంత మాట డాక్టరుగారూ!"

సువర్చల ఉత్తర్వు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంత దూరం వచ్చింది ఒక ఆవు బొమ్మకేనా అని మనసులో కొంచెం చివుక్కుమంది. ఆవులు ఇంటి దగ్గర లేవా?

మర్నాడు పని మొదలైంది. ఒక పెద్ద కాన్వాసు, దానిముందు ఐదు కుర్చీలు. గంటలోపలే గంగిరెడ్డి, ఇస్మాయిల్‌గారు లేచి నిలబడ్డారు.

"ఏంది సార్, నా చెట్టు నీడ నీళ్లల్లో కనపడతాంటే మీరు తుడిచేస్తిరే!"

"నీడో గీడో నాకు తెలీదండీ. నా వాగులో ఇతర శాఖల కట్టడాలు ఉండటానికి వీల్లేదు. ఇవాళ నీడంటారు, రేపు మొద్దులు తెచ్చి పడేస్తారు. నిరభ్యంతర పత్రం తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం."

"యాడన్నా చెట్టు నీడకు పర్మిషన్ అడుగుతారా సార్? అది చెట్టుతో పుట్టిండేది."

నీడ చెట్టులో భాగమా, నీటిలో భాగమా అన్నది మధ్యాహ్న భోజనం దాకా తేలలేదు. భోజనం తర్వాత ఆచారిగారు మెల్లగా తన వాదన వినిపించారు. చర్చి నీడ పచ్చికమీద పడుతోంది కాబట్టి అంతమేరా దేవుడి మాన్యంగా గుర్తించాలట. చక్రధరంగారు ససేమిరా అన్నారు. పొద్దు వాలేకొద్దీ నీడ పొడుగవుతోంది, ఇలా ఒప్పుకుంటూ పోతే సాయంత్రానికి రెవెన్యూ శాఖకు సెంటు భూమి కూడా మిగలదని ఆయన భయం. ముందు జాగ్రత్తగా ఆయన గసగసాల పూల మధ్య వరసగా సరిహద్దు రాళ్లు వేసేశారు. పచ్చికలో రాళ్లెక్కడున్నాయని ఒదిల్ కళ్లు చికిలించి వెతికింది.

"లేవు మేడమ్. ఉండవలసినవి."

తర్కం విన్న కొద్దీ ఒదిల్‌కు ముచ్చటేసింది. ముప్ఫై ఏళ్లుగా బొమ్మలు నేర్పుతోంది కానీ ఇలాంటి పద్ధతి ఆమె ఎన్నడూ వినలేదు. పైసగం ఖాళీగా వదిలేయడం వీళ్ల దేశంలో ఒక శైలి కాబోలని అనుకుంది. సువర్చలను పక్కకు పిలిచి అడిగింది కూడా.

"శైలి కాదమ్మా, జవాబు రాలేదు" అంది సువర్చల.

ఆమె ఆవు మాత్రం చక్కగా వస్తోంది. మెడకింది మడతలు, గంగడోలు మీద ఎండ, చెవి వెనక ఈగ. కానీ నాలుగోనాడు ఆవుకు దాహమేసి వాగులోకి దిగింది. మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి తాగుతోంది. ఇస్మాయిల్‌గారు వెంటనే కుంచె కింద పెట్టారు.

"డాక్టరుగారూ, మీ ఆవు నా వాగులో ఉందండీ. నీటిమట్టం కింద ఏదున్నా మా శాఖదే. కాళ్లు మీరు వేయకూడదు."

"పోనీ మీరెయ్యండి."

"నేనెట్లా వేస్తాను? కాళ్లు పశువువి కదా."

ఉమ్మడి తనిఖీ జరిగింది. ఐదుగురూ వాగుగట్టున నిలబడి ఆవును చూశారు. ఆవు వాళ్లను చూసింది. చక్రధరంగారు గొంతు సవరించుకుని, ఆవు స్థానం ఉత్తర్వులో చెట్టుకింద అని స్పష్టంగా ఉందనీ, అది అనుమతి లేకుండా స్థానం మారినదనీ, దానిని యథాస్థానానికి తరలించే బాధ్యత సంబంధిత శాఖదేననీ తేల్చారు.

సంబంధిత శాఖ చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, వాగులోకి దిగింది.

ఆవు మెడమీద చెయ్యి వేసి గట్టెక్కిస్తుంటే సువర్చల చూపు మామూలుగానే దాని వెనక భాగం మీదికి పోయింది. పొదుగు నిండుగా దిగి ఉంది. తోకమొదట ఇరుపక్కలా కండ మెత్తబడి లోపలికి జారింది. ఆమె నవ్వుకుని ఆవు వీపు నిమిరింది.

"ఏటమ్మా, ఇంత కడుపుతో ఉండి నడిపించేస్తన్నాం నిన్ను" అంది. ఫ్రెంచి ఆవే కానీ చెవి ఇటు తిప్పింది.

ఆవు సొంతదారు రెమీ పక్క కమతంలో ఉంటాడు, ఎర్రముఖం, భారీ మనిషి. ఒదిల్ మాట కలిపితే, ఆవు పేరు మిరబెల్ అనీ, తొలిచూలనీ, రేపో ఎల్లుండో ఈనుతుందనీ చెప్పాడు. సువర్చల వచ్చి చక్రధరంగారితో ఆ మాట చెప్పింది.

"మంజూరైన చిత్రములో దూడ లేదు డాక్టరుగారూ."

"బొమ్మ సంగతి కాదండీ. నిజంగానే దూడ వస్తాది."

"అయినచో సవరణ ప్రతిపాదన పెట్టండి. పరిశీలిద్దాం."

ఆమె నిజంగానే పెట్టింది. దూడ రంగు, లింగం పేర్కొనలేదని ఆయన దాన్ని తిప్పి పంపారు.

ఆఖరి రోజు రానే వచ్చింది. సాయంత్రం ఊరి హాల్లో బొమ్మను ప్రదర్శించాలి. ఊరి మేయరు కూడా వస్తానన్నాడు. కాన్వాసు మీద కింద సగంలో సరిహద్దు రాళ్లున్న పచ్చిక, నీడ పడని చెట్లు, ఏమీ కనిపించని వాగు, గోపురం కొంచెం మన గుళ్లవైపు మొగ్గిన చర్చి, కాళ్ల వివాదం తేలక మోకాళ్ల దగ్గరే ఆగిపోయిన ఆవు ఉన్నాయి. పై సగం తెల్లగా ఉంది. చక్రధరంగారు దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసి, కుడిమూల సంతకం పెట్టబోతున్నారు.

అప్పుడు చెట్టుకింద మిరబెల్ పడుకుని, గట్టిగా అరిచింది.

సువర్చల తల తిప్పింది. ఆవు లేచి మళ్లీ పడుకుంది. రెమీ పరిగెత్తుకొచ్చాడు. దూడ ముందుకాళ్ల గిట్టలు రెండూ బయట కనిపిస్తున్నాయి కానీ, వాటిమీద ఉండాల్సిన ముట్టె జాడ లేదు. ఆవు ఎంత ముక్కినా ముందుకు రావడంలేదు. రెమీ వాళ్ల డాక్టరుకు ఫోను చేస్తే ఆయన దూరాన ఇంకో కమతంలో ఉన్నాడు. ఒదిల్ ఫోను లాక్కుని ఇక్కడో పశువుల డాక్టరు ఉందని చెప్పింది. చేతనైతే ఆమెనే చూడమను, నేను బయల్దేరుతున్నాను అన్నాడాయన.

సువర్చల అప్పటికే గాజులు తీసేస్తోంది.

"ఆగండి డాక్టరుగారూ" అన్నారు చక్రధరంగారు, నిజంగానే కంగారుగా. "పరదేశపు పశువు. ఇందులో మన ప్రమేయం... ఇది మన పరిధిలోనికి వచ్చునా?"

"మీరే రాసిచ్చారు కదండీ" అంది ఆమె, చేతికి సబ్బు రాసుకుంటూ. "ఆవు ఒకటి, దాని సమస్త విషయములతో సహా. దూడ ఆవు విషయం కాదేటి?"

చక్రధరంగారు పక్కకు తప్పుకున్నారు. తను రాసిన ఉత్తర్వును తను కాదనడం సర్వీసులో ఎన్నడూ ఎరగరు.

సువర్చల పచ్చికలో బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టింది. వేళ్లకు గిట్టలు తగిలాయి, మోకాళ్లు తగిలాయి. తల పక్కకు తిరిగి డొక్కకు ఆనుకుని ఉంది. వేలు నోట్లో పెడితే దూడ చప్పరించింది. ప్రాణంతోనే ఉంది.

"వేడినీళ్లు కావాలి! ఎవరో ఒకరు!"

"నీళ్లు నా శాఖండీ!" అని ఇస్మాయిల్‌గారు బకెట్టు పట్టుకుని వంటింటివైపు పరిగెత్తారు. గంగిరెడ్డి ఎండుగడ్డి మోపు ఎత్తుకొచ్చి ఆవు కింద పరిచాడు. ఆచారిగారు కండువా నడుముకు బిగించి, మిరబెల్ తల ఒళ్లో పెట్టుకుని, "ఏమీ లేదు తల్లీ, ఏమీ లేదు, ఇంకాసేపు" అంటూ నుదురు రాస్తూ, నోటికొచ్చిన శ్లోకాలన్నీ చదివారు.

ఆవు ముక్కడం ఆపిన క్షణంలో సువర్చల దూడను కొద్దిగా వెనక్కి నెట్టింది. ముట్టె అరచేతిలోకి తీసుకుంది. జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. చెయ్యి భుజందాకా తిమ్మిరెక్కింది. మూడోసారి తల నెమ్మదిగా తిరిగి, కాళ్ల మధ్యకు వచ్చి కూర్చుంది.

"తాడు!"

కాన్వాసు కట్టడానికి తెచ్చిన నూలు తాళ్లు గంగిరెడ్డి విప్పి ఇచ్చాడు. కాన్వాసు పచ్చికలో బోర్లా పడింది. ఎవరూ అటు చూడలేదు.

"ఆవు ముక్కినప్పుడే లాగాలి. నేను ఊ అంటే లాగండి. పట్టండి!"

తాడు ఎవరి పరిధిలోకి వస్తుందో ఏ ఉత్తర్వులోనూ లేదు. ఒక్క క్షణం మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికంటే ముందు తాడు పట్టుకున్నది చక్రధరంగారు. కోటు ఎప్పుడు విప్పారో ఎవరికీ తెలీదు.

"ఇదేం చోద్యం, నిలబడి చూస్తారేంటయ్యా!" అని అరిచారాయన, ఉత్తర్వుల భాష మరిచిపోయి. "మా నాయన ఇరవై గేదెల్ని మేపాడు. నాకు తెలవదా? పట్టండి గట్టిగా!"

"ఊ!" అంది సువర్చల.

రెవెన్యూ, నీటిపారుదల, అటవీ శాఖలు, వెనక ఎర్రముఖం రెమీ, గడ్డి టోపీ ఒదిల్, అందరూ ఒక్కసారే లాగారు. మళ్లీ ఊ. మళ్లీ లాగారు. జర్రున జారి, తడితడిగా, గోధుమరంగు దూడ గడ్డిమీద పడింది. లాగినవాళ్లంతా వెల్లకిలా ఒకరిమీద ఒకరు పడ్డారు.

దూడ కదల్లేదు. సువర్చల ముక్కులోని జిగురు తీసి, గడ్డిపరకతో ముక్కుపుటం గెలికి, ఎండుగడ్డితో రొమ్ము రుద్దింది. దూడ తుమ్మింది.

"పెయ్య" అంది సువర్చల. చక్రధరంగారు చేతుల్తో ముఖం తుడుచుకుంటే ముఖమంతా జిగురైంది. అయినా నవ్వుతూనే ఉన్నారు. ఇస్మాయిల్‌గారు గంగిరెడ్డిని కౌగలించుకున్నారు. వాగులో వాళ్లందరి నీడలూ పడ్డాయి. ఆవేళ ఎవరూ తుడవలేదు.

సాయంత్రం ప్రదర్శనకు ఊరివాళ్లెవరూ హాలుకు రాలేదు. అంతా రెమీ కొట్టం దగ్గరే ఉన్నారు. మేయరు కూడా అక్కడికే వచ్చి దూడకు చెయ్యి ఊపాడు.

స్వదేశం చేరిన వారానికల్లా చక్రధరంగారికి స్పృహ వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా, ఎవరి పరిధి ఏదో నిర్ధారించకుండా ఐదు శాఖలు కలిసి పనిచేసినందుకు సంజాయిషీ కోరుతూ ఐదుగురికీ మెమోలు పంపారు. అందులో ఒకటి తనకే. ఆ మెమోకు వినయంగా జవాబు రాసుకుని, జవాబు సంతృప్తికరంగా లేదని తనను తాను మందలించి, ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఫైలు మూసేశారు.

ఇంతలో వార్షిక నివేదికల కాలం వచ్చింది. విదేశీ పర్యటనలో సాధించినదేమిటో ప్రతి శాఖా చెప్పాలి. నీటిపారుదల శాఖ తమ నీటి సరఫరా వల్ల ఫ్రాన్సులో ఒక దూడ సుఖంగా జన్మించిందని రాసింది. గడ్డి ఇచ్చింది కాబట్టి అటవీశాఖ ఒక దూడ రాసుకుంది. దేవాదాయ శాఖ గోసేవ కింద ఒకటి. నేల తనదే కాబట్టి రెవెన్యూ ఒకటి. పశుసంవర్ధక శాఖది ఎలాగూ ఉంది. పైన ఎవరో అన్నీ కూడారు. ఫ్రాన్సులో మన ప్రభుత్వం ఐదు దూడలకు ప్రాణం పోసిందని సభలో ప్రకటన వెలువడింది. బల్లలు మోగాయి.

బల్లల చప్పుడు తగ్గాక ఆడిటువాళ్లు లేచారు. ఒకే ఆవు, ఒకే కాన్పు, ఐదు దూడలు. నివేదికలకు జతచేసిన ఫొటోలో ఒకటే ఉంది. మిగతా నాలుగూ ఎక్కడ? ప్రకటన సభలో జరిగింది కాబట్టి తప్పై ఉండడానికి వీల్లేదు. కనుక దూడలు ఉండి తీరాలి. వాటిని కళ్లారా చూసి, ఆరోగ్య పరిస్థితిని ధ్రువీకరించి రావడానికి అర్హత గల పశువైద్యాధికారిని పంపాలని నిర్ణయమైంది. సీనియర్లు ఇద్దరూ ఈసారి నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లని పోట్లాడుకున్నారు. లేని దూడల కింద సంతకం పెట్టే ధైర్యం ఇద్దరికీ లేదు.

మళ్లీ సువర్చలే వచ్చింది. అక్టోబరు నెల, అక్రోటు ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి. ఒదిల్ గేటు దగ్గరే కౌగలించుకుని అడిగింది.

"ఈసారి ఎందుకు పంపారు?"

"నాలుగు దూడల్ని వెతకమన్నారు."

ఒదిల్ పచ్చికవైపు చూసింది. మిరబెల్, పక్కనే ఎదిగిన పెయ్య. అంతే.

"ఉన్నాయా?"

"లేవు."

"ఎన్ని రోజులు వెతకాలి?"

"పదిరోజులు."

ఒదిల్ టోపీ వెనక్కి నెట్టి పకపకా నవ్వింది. లోపలికి వెళ్లి ఒక కొత్త కాన్వాసు, తన సొంత రంగుల పెట్టె తెచ్చి పచ్చికలో పెట్టింది. సువర్చల కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున్నుంచి వెలుగు తగ్గేదాకా రోజూ కూర్చుంది. కనిపించిందల్లా వేసింది. ఆవు కాళ్లు తానే వేసింది, నీళ్లలో కూడా.

తొమ్మిదోనాడు చక్రధరంగారు ఫోను చేశారు. "డాక్టరుగారూ, దూడల ఆచూకీ ఏమైనా లభ్యమైనదా?"

సువర్చల కుంచె పళ్లమధ్య పెట్టుకుని, వెనక్కి వాలి బొమ్మను చూసుకుంది. ఎడమపక్క చెట్టు ఇంకా తేలలేదు.

"ఇంకా లేదండీ. జాగా చాలా పెద్దది" అంది. "ఇంకో వారం పొడిగిస్తే, క్షుణ్ణంగా చూస్తాను."